పాప కుర్చీకి పట్టే జిగురు

మా పాపకు ఆరో ఏడు నడుస్తున్నా తనంతట తాను కూర్చోలేకపోయేది. పుట్టగానే ఏడవలేదు, ఒళ్లంతా నీలంగా ఉండిపోయింది. ఆ కాసేపట్లో మెదడుకు ఊపిరి అందలేదనీ, అందుకే కాళ్లూ చేతులూ మాట వినవనీ డాక్టర్లు తర్వాత చెప్పారు. మెడ నిలిచేది కాదు. ఉన్నట్టుండి కట్టెలా బిగుసుకుపోయి వీపు వెనక్కి విల్లులా వంగేది. నవ్వడం మాత్రం బాగా వచ్చు. నేను కుట్టుమిషను తొక్కడం మొదలుపెడితే ఆ చప్పుడుకే కిలకిలా నవ్వేది.

మేం అప్పుడు హెబ్బగోడిలో ఒక మిద్దింటి కింద గదిలో అద్దెకు ఉండేవాళ్లం. మాది మడకశిర వైపు. పెళ్లయిన కొత్తలోనే బెంగళూరు చేరాం. మా ఆయన వడ్రంగి. తొంభైల చివర్లో సర్జాపుర రోడ్డు వెంట అపార్టుమెంట్లు వరసగా లేస్తున్నాయి, తలుపులూ కిటికీలూ బిగించే పని ఆయనకు ఎప్పుడూ ఉండేది. నేను బట్టల ఫ్యాక్టరీలో పని చేసేదాన్ని. పాప పుట్టాక అది మానేసి, ఇంట్లోనే జాకెట్లు కుట్టుకుంటూ ఉండిపోయాను.

నిజానికి నా పగలంతా పాపకు తిండి పెట్టడంతోనే గడిచిపోయేది. ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, మెత్తగా మెదిపిన అన్నం వేలితో నాలుక మీద పెట్టేదాన్ని. మింగే లోపలే ఒళ్లు బిగుసుకునేది. తిన్నదాంట్లో కొంత కడుపులోకి పోతే కొంత ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఆ వెంటనే దగ్గు, రెండు రోజులకు జ్వరం, ఆ పైన డొక్కలు ఎగరేస్తూ ఊపిరి కోసం కొట్టుకోవడం. పాపను భుజానేసుకుని ఆసుపత్రికి పరుగెత్తడం. ఆ ఏడాది వానలు మొదలయ్యాక మేం ఇంట్లో ఎన్ని రోజులున్నామో, ఆసుపత్రి వార్డులో ఎన్ని రోజులున్నామో చెప్పలేను.

ఒకసారి ఇంటికి పంపేముందు పెద్ద డాక్టరు నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"మాటిమాటికీ ఇట్లా న్యుమోనియా వస్తే ఊపిరితిత్తులు పాడైపోతాయమ్మా. ఇంకోసారి వచ్చిందంటే నోటితో తినిపించడం ఆపేసి, కడుపులోకి గొట్టం వేయాల్సి ఉంటుంది."

గొట్టంతో హాయిగా బతుకుతున్న పిల్లల్ని తర్వాత్తర్వాత చూశాను. అంత హడలిపోవాల్సిన సంగతేం కాదు. కానీ ఆ రోజు నాకది తెలియదు. పాపకు మాట రాదు, నడక రాదు, బొమ్మను పట్టుకోవడం కూడా రాదు. దానికి తెలిసిన సుఖమల్లా నాలుక మీది రుచే. పప్పుచారు వాసన తగిలితే చాలు, పెదాలు చప్పరించేది. అది కూడా లాగేసుకుంటే ఇక ఏం చూసుకుని బతుకుతుంది అనిపించింది.

ఆసుపత్రిలో పిల్లలకు కాళ్లూ చేతులూ ఆడించే డాక్టరమ్మ ఒకామె ఉండేది. కన్నడామె, మాతో మాట్లాడేటప్పుడు తెలుగు కలుపుకునేది. నా ఏడుపు చూసి పక్కకు తీసుకెళ్లింది.

"నోడమ్మా, పడుకోబెట్టి తినిపిస్తే ఎప్పటికీ ఇదే ప్రాబ్లమ్. నడుము నేరుగా ఉండాలి, తల కొంచెం ముందుకు, మోకాళ్లు దూరం దూరం, పాదాలు కింద ఆనాలి. అట్లా కూర్చుంటే ఊట, అదే అన్నం, సరిగ్గా కడుపులోకి పోతుంది. ఆమెకు తగ్గ కుర్చీ కావాలి. ఇక్కడ అడిగితే చాలా లేటవుతుంది. మీ ఇంటాయన కార్పెంటరే కదా?"

ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాం. మా ఆయన ఆ వారంలోనే ప్లైవుడ్‌తో కుర్చీ చేశాడు. నడుముకు పట్టీ, కాళ్ల మధ్య అడ్డంగా ఒక దిమ్మె, అన్నీ ఉన్నాయి. కానీ పాప నోటి నుంచి ఎప్పుడూ చొంగ కారుతుంది, కక్కుతుంది, ఉచ్చ పోస్తుంది. రోజుకు రెండుసార్లు కడగక తప్పదు. నెల తిరక్కుండానే ప్లైవుడ్ ఉబ్బి, అంచులు పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. పాప బిగుసుకున్నప్పుడల్లా వెనక పలక మీద పడే బలానికి మరలు వదులై బయటికి వచ్చాయి. వీపు మీద మర గీసుకుని పుండైంది.

ఆయన చాలాసేపు ఆ కుర్చీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇట్ల గాదు మే. గట్టిగా అడ్డం నిలబడే కుర్చీ పనికి రాదు. పాప బిగుసుకుంటే దాంతో పాటు స్వల్ప వంగల్ల, మళ్లీ యథాప్రకారం రావల్ల. మరలు ఉండకూడదు. నీళ్లకు చెడకూడదు."

అపార్టుమెంట్ల పనిలో టేకు పట్టీలు మిగులుతుండేవి, తలుపుల అంచులకు వేసే సన్నటి పట్టీలు. మేస్త్రీని అడిగి కట్టగట్టి తెచ్చాడు. వాటిని మళ్లీ పల్చగా చీల్చి, చిత్రిక పట్టి, ఒక చెక్క అచ్చు చుట్టూ వంచి, ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించాడు. కూర్చునే చోటు నుంచి వీపు మీదుగా మెడ దాకా ఒకటే వంపు. ఎక్కడా మూల లేదు, మేకు లేదు. చేత్తో నొక్కితే కొంచెం వంగి తిరిగి లేచేది. అంత అందమైన వస్తువు మా ఇంట్లో అంతకు ముందు లేదు.

వాడింది వడ్రంగులందరూ వాడే తెల్ల జిగురే. ఆయనకు దాని మీద అనుమానం కలగడానికి కారణం లేదు. టేకు తలుపులు ఎన్ని బిగించలేదు! కానీ తలుపుకు కూసాలుంటాయి, చీలలుంటాయి. అక్కడ చెక్కను చెక్కే పట్టుకుంటుంది, జిగురు పేరుకే. ఈ కుర్చీలో జిగురు తప్ప పట్టుకునేది ఇంకేమీ లేదు. ఈ తేడా మాకు తర్వాత గాని తెలియలేదు.

వారం పది రోజులు పాప అందులో కూర్చుంది. ఏడ్చింది గాని కూర్చుంది. ఒక మధ్యాహ్నం ఎదురుగా పీట వేసుకుని అన్నం పెడుతున్నాను. పొయ్యి మీద కుక్కరు కూత వేసింది. పాప ఉలిక్కిపడి ఒక్కసారిగా బిగుసుకుంది. టప్‌మని చప్పుడైంది. వీపు పలక మధ్యకు విచ్చుకుని పట్టీలు విసనకర్రలా వేరైపోయాయి. పాప పక్కకు ఒరిగిపోయింది. నోట్లో ముద్ద ఉంది. దగ్గు రాలేదు, ఏడుపు రాలేదు. పెదాలు నల్లబడుతున్నాయి. బోర్లా తిప్పి వీపు మీద కొట్టాను, గొంతులో వేలు పెట్టాను. ఏం అరిచానో గుర్తు లేదు గాని, పై వాటాలో ఉండే ఇంటి యజమానురాలు చెప్పుల్లేకుండా మెట్లు దిగి వచ్చింది. ముద్ద బయటపడింది. ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి ఊపిరి గురగురలాడుతోంది.

మళ్లీ అదే వార్డు. అదే న్యుమోనియా. పెద్ద డాక్టరు తిట్టలేదు. "దీన్నుంచి తేరుకోనివ్వండి. వచ్చే నెల తీసుకురండి. గొట్టం సంగతి అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడంతే.

మా ఆయన పని నుంచి నేరుగా వచ్చాడు. ఊడిన పట్టీ ఒకటి చేతిలో ఉంది, ఇంటికి పోయి చూసే వచ్చినట్టున్నాడు. వార్డు బయట బల్ల మీద కూర్చుని దాన్ని నాకు చూపించాడు. చెక్క నున్నగా మెరుస్తోంది, ఎక్కడా ఒక పీచు లేవలేదు. జిగురు దాని మీద పల్చటి పొరలా ఉంది, గోటితో తీస్తే పాల మీద మీగడలా ఊడి వచ్చింది.

"అంటనే లేదు సూడు. చెక్క పగల్లేదు, జిగురు ఊడొచ్చింది. ఊరందరికీ తలుపులు బిగిస్తాండా. నా బిడ్డకి ఒక కుర్చీ చేయలేకపోతి."

"ఇంకో జిగురు ఉండదా?"

"ఉంటాది. ఏది పడతాదో ఎవురికి తెలుసు? అతికించి కూర్చోబెట్టి సూద్దామా? ఇంకోసారి ఊడితే ఏమయితాదో తెలుసునా నీకు? వద్దు మే. గొట్టమే ఏపిద్దాం."

అంటూ పట్టీని రెండుగా విరిచి చెత్తబుట్టలో వేశాడు. ఆయన అంత చేతకానివాడిలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఆయన మీద జాలి కూడా కలగలేదు. నా గుండె నిండా భయమే, ఇంకొకరికి చోటు లేదు.

పాప కాస్త కోలుకుని ఇంటికి వచ్చాక, ఒక పొద్దున దాన్ని ఇంటి యజమానురాలి దగ్గర కాసేపు ఉంచి, నేనొక్కదాన్నే బస్సెక్కి మడివాళ వెళ్లాను. వడ్రంగులంతా సామాన్లు కొనే కొట్టు ఒకటి అక్కడుంది. మా ఆయనతో ఒకసారి వెళ్లి ఉన్నాను. కొట్టాయన పెద్దాయన, తాతల కాలం నుంచి బెంగళూరులో ఉన్న తెలుగువాడు.

"టేకుకు పట్టే జిగురు కావాలన్నా" అన్నాను.

"తెల్లది ఉండాది కదమ్మా, అందరూ అదే తీసుకపోతారు."

"అది ఊడిపోయింది."

ఏం చేశారని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఏడుపొచ్చింది. కొట్లో జనం ఉన్నారు, సిగ్గేసింది, అయినా ఆగలేదు. ఆయన గుమాస్తాను బేరాలు చూసుకోమని, నన్ను లోపల స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"చెప్తా విను తల్లీ. టేకు ఉండాదే, దానిలో నూనె ఉంటాది. రోజ్‌వుడ్ అంటారే, ఆ బీటె చెక్కలోనూ అంతే. ఆ నూనె వల్లనే దాన్ని పురుగు ముట్టదు, నీళ్లు ఏం చెయ్యవు. అదే నూనె జిగురును దగ్గరికి రానీదు. జిడ్డు మూకుడు మీద కాగితం అంటిస్తే నిలుస్తాదా?"

"మరి ఏది పడుతుందన్నా?"

ఆయన అర మీద నుంచి ఒక్కొక్కటే దించాడు. రబ్బరు జిగురు చూపించి, ఇది సన్మైకాకు సరిపోతుంది గాని వంచిన పట్టీలను పట్టలేదు, ఎండకు మెత్తబడి మెల్లగా జారిపోతుందన్నాడు. ఇంకోటి ముదురు ఎర్రటిది, పడవలకు వాడతారట, నీళ్లకు చెక్కు చెదరదట. మూత తీయగానే ఆ ఘాటుకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పాప ఊపిరితిత్తులు తలుచుకుని వద్దన్నాను. చివరికి రెండు డబ్బాలు జతగా ఉన్నది పెట్టాడు.

"ఇది సమంగా కలపల్ల. ఒకటి జిగురు, ఇంకొకటి దాన్ని బండ చేసేది. నూనె చెక్కకు ఇదే మేలంటారు. అయినా సుమ్నే, ఊరికే పూస్తే ఇదీ పట్టదు. ముందు జిడ్డు తుడవల్ల." గోళ్లరంగు తుడిచే మందులా వాసన వచ్చే అసిటోన్ సీసా ఒకటి ఇచ్చాడు. "గుడ్డ తడిపి తుడువు. నేను అమ్మేవాణ్ణే గాని అంటించేవాణ్ణి కాదు తల్లీ. విన్నది చెప్తాండా. ముందు చిన్న ముక్కల మీద సూసుకోండి. బిడ్డను కూర్చోబెట్టి సూడొద్దు."

ఆ ఆఖరి మాటే నన్ను నిలబెట్టింది. ముక్కల మీద చూసుకోవచ్చు. ఊడితే ఊడేది ముక్కే.

మా ఆయన మొదట డబ్బాల వంక కూడా చూడలేదు. నేను అన్నం వడ్డించి, ఆయన ముందు నుంచి లేవలేదు.

"నాకు చిత్రిక పట్టడం రాదు. నువ్వు చెక్క తయారు చేసి ఇవ్వు. అతికించేది, విరిచేది నేను చేసుకుంటా. ఒకటన్నా నిలవకపోతే నువ్వు చెప్పినట్లే గొట్టం వేయిద్దాం. నేను నోరెత్తను."

ఆయన మర్నాడు పనికి పోయేముందు మిగిలిన పట్టీలు కోసి జానెడు ముక్కలు చేసి, నున్నగా చిత్రిక పట్టి, అసిటోన్‌తో తుడిచి కిటికీలో పెట్టి వెళ్లాడు. సాయంత్రం ఇద్దరం జిగురు కలిపి అతికించాం. రెండు రోజులాగి విరిచాం. చిన్న చప్పుడుతో విడిపోయాయి. రెండు వైపులా చెక్క అద్దంలా నున్నగా ఉంది.

ఆ రోజు నాకు ఏడుపు కూడా రాలేదు. మళ్లీ చేశాం, ఈసారి జిగురు మందంగా పూసి. అదీ అంతే. ఇంకోసారి, ముక్కల్ని నొక్కిపట్టే క్లాంపులు ఎముకలు విరిగేలా బిగించాడు. జిగురంతా పక్కల నుంచి కారిపోయింది, లోపల ఏమీ మిగల్లేదు, పట్టుకుని తిప్పితేనే ఊడింది. డాక్టరు చెప్పిన గడువు దగ్గర పడుతోంది. పాపకు మళ్లీ సన్నగా దగ్గు మొదలైంది. గదిలో అసిటోన్ వాసన దానికి పడడం లేదని గ్రహించేసరికి ఆలస్యమైంది. బిడ్డను కాపాడడానికి చేసే పనే బిడ్డ ఊపిరి తీస్తోంది. ముక్కలన్నీ ఒడిలో వేసుకుని మిద్దె పైకి పోయి, వెనక ఖాళీ స్థలంలోకి ఒక్కొక్కటే విసిరేశాను. తర్వాత పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నాను. కింద నుంచి పాప మూలుగు వినపడుతున్నా లేవలేకపోయాను.

ఇంటి యజమానురాలు బట్టలు ఆరేయడానికి వచ్చి చూసింది. ముసలావిడ, ముక్కుసూటి మనిషి, హెబ్బగోడిలోనే పుట్టి పెరిగిన తెలుగామె.

"ఏమమ్మా, ఈడ కూకుంటే బిడ్డ ఎవురి దగ్గర ఉండాది?"

చెప్పాను. వాసన సంగతి, జిగురు సంగతి.

"గదిలో ఎందుకు చేస్తాండారు? ఈ మిద్దె అంతా ఖాళీగానే ఉండాది కదా. ఈడికి తెచ్చుకోండి. ఆ నీళ్ల తొట్టి పక్కన పెట్టుకోండి, ఎవురూ ఏమీ అనరు" అంటూ నా చెయ్యి పట్టుకుని లేపింది.

పని మిద్దె మీదికి మారాక ఒక తేడా కనిపెట్టాను. అసిటోన్‌తో తుడిచిన గుడ్డకు పసుపుపచ్చగా జిడ్డు అంటుకునేది. తుడవగానే చెక్క మీద వేలు పెడితే గరుకుగా, పొడిగా తగిలేది. అదే ముక్కను ఎండలో వదిలేసి కాసేపాగి ముట్టుకుంటే మళ్లీ నున్నగా జారేది. లోపలి నూనె మెల్లగా పైకి ఊరుతోంది. మేం ఇన్నాళ్లూ పొద్దున తుడిచి సాయంత్రం అతికిస్తున్నాం! ఆయన రాగానే మెట్ల మీదే ఆపి, పొద్దున తుడిచిన ముక్కా, అప్పుడే తుడిచిన ముక్కా రెండూ ముట్టుకుని చూడమన్నాను. ఆయన వేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ రాసి చూశాడు.

"అయితే తుడిచిన వెంటనే అతికించల్ల" అన్నాడు. "చిత్రిక కూడా అప్పుడే పట్టల్ల. ఊరనీకుండా."

మిగిలిన వెలుతురులోనే చేశాం. ఆయన చిత్రిక పట్టి, ఉప్పుకాగితంతో కాస్త గరుకు చేసి ఇస్తే, నేను తుడిచాను. గుడ్డ మార్చి మార్చి, కొత్త గుడ్డకు రంగు అంటనంత వరకూ తుడిచాను. తడి ఎగిరిపోగానే జిగురు రెండు వైపులా పూసి, క్లాంపును ఊరికే ఆనీ ఆననట్టు బిగించాడు. చలికి జిగురు తొందరగా గట్టిపడదేమోనని పగలంతా ఎండలోనే ఉంచాను. మూడో రోజు ఆయన ముక్కను గోడ అంచుకు పెట్టి తొక్కాడు. విరగలేదు. సుత్తితో కొట్టాడు. విరిగింది, కానీ అతుకు దగ్గర కాదు. చెక్కే చిరిగి, పీచులు పీచులుగా లేచింది. అతుకు అట్లాగే ఉంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సంతోషించాలంటే భయమేసింది. ఇంకో ముక్క, ఇంకో ముక్క చేసి విరిచాం. అన్నీ చెక్క దగ్గరే విరిగాయి.

ఆదివారం నాడు కుర్చీ మొదలుపెట్టాం. ముక్క వేరు, కుర్చీ వేరు. పట్టీలు చాలా ఉన్నాయి, ఒకదాని తర్వాత ఒకటి తుడిచి, నూనె ఊరే లోపల పూసి, జిగురు బండకట్టే లోపల అచ్చుకు వంచి బిగించాలి. ఆయన చెయ్యి చాచితే నేను పట్టీ అందించేదాన్ని. యజమానురాలు పాపను ఒళ్లో పెట్టుకుని కింద కూర్చుంది. ఆఖరి క్లాంపు బిగించేసరికి నా వేళ్ల చర్మం తెల్లగా పాలిపోయి పగుళ్లిచ్చింది.

మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. బెంగళూరు వాన సంగతి తెలిసిందే కదా, చెప్పి రాదు. బిగించిన అచ్చు మంచంలా బరువుగా ఉంది, మెట్లు ఇరుకు, కదిలిస్తే పట్టీలు జారతాయి. చినుకులు మొదలయ్యాయి. మా ఆయన చొక్కా విప్పి దాని మీద కప్పాడు. నేను ఆరేసిన చీరలన్నీ లాగి తెచ్చాను. గాలికి ఒక్కటీ నిలవలేదు. ఇద్దరం దాని మీద వంగి, అటొకరూ ఇటొకరూ చీర అంచులు పట్టుకుని నిలబడ్డాం. నీళ్లు మా వీపుల మీద నుంచి కారి పాదాల కింద పారుతున్నాయి.

"తడిసిపోతాదేమో" అన్నాను.

"మాట్లాడొద్దు. పట్టుకో" అన్నాడు.

కింద నుంచి యజమానురాలు కేక వేసి, మెట్ల మీద దాకా వచ్చి బియ్యం మూటల మీద కప్పే పెద్ద ప్లాస్టిక్ పట్టా అందించింది. దాన్ని చుట్టి, ఇటుకలు పెట్టాం. లోపల తడిసిందో లేదో విప్పి చూడడానికి లేదు. ఆ తర్వాతి రోజుల్లో నేను ఎన్నిసార్లు మిద్దె ఎక్కానో! పట్టా అంచు ఎత్తి చూసేదాన్ని, ముట్టుకునే ధైర్యం లేక దించేసేదాన్ని.

క్లాంపులు విప్పిన రోజు ఆయన మొదట వేలి కణుపుతో కుర్చీ పొడవునా తట్టుకుంటూ పోయాడు. అంతా ఒకేలా మోగింది. ఒక్క కింది అంచు దగ్గర మాత్రం నీళ్లు తగిలి జిగురు పాలలా తెల్లబడింది. అంత మేరా రంపంతో కోసేశాడు. తర్వాత దాన్ని నేల మీద పెట్టి, పాప కోసం చేసిన ఆ ఇరుకు కుర్చీలో తను కూర్చున్నాడు. వెనక్కి వాలి, పాప లాగే వీపుతో గట్టిగా నెట్టాడు. చెక్క వంగింది, లేచింది. మళ్లీ నెట్టాడు. నేను చెవులు మూసుకున్నాను. చప్పుడు లేదు.

కుర్చీ నిలిచింది. కానీ పాప దానికి ఒప్పుకోలేదు. మొదటిసారి పడిపోయిన భయం దానికి గుర్తుందేమో. పట్టీ కట్టగానే గుక్కపట్టి ఏడ్చేది, చెమటలు పట్టి సొమ్మసిల్లేలా అయ్యేది. ఒళ్లోకి తీసుకుంటే ఆపేది. ఒళ్లో పెట్టుకుంటే ఊపిరితిత్తుల్లోకి అన్నం పోతుంది. కుర్చీలో పెడితే ఏడుపుకు అన్నం గొంతులో దిగదు. ఇంత చేసి చివరికి ఇదా అని, ఒకరోజు దానితో పాటు నేనూ గొంతెత్తి ఏడ్చాను. మా ఆయన పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి విసుగు. తిండి తగ్గి పాప మెడ కింద గుంటలు పడ్డాయి.

చివరికి నేను తిండి పెట్టడం మానేసి, ఊరికే దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కుట్టుమిషను దగ్గరికి జరుపుకుని తొక్కడం మొదలుపెట్టాను. ఏమీ కుట్టడం లేదు, ఉత్త మిషనే. పాప ఏడుస్తూ ఏడుస్తూ చక్రం వంక చూసింది. అంతకు ముందు ఎప్పుడూ పడుకునే ఆ చప్పుడు విన్నది గాని, తిరిగే చక్రాన్ని చూడలేదు. ఏడుపు ఆగింది. నేను ఆపగానే మళ్లీ మొదలెట్టింది. కాలితో తొక్కుతూ, ఒక చేత్తో గిన్నె పట్టుకుని, నెయ్యి వేసి మెదిపిన అన్నం చిటికెడు నోట్లో పెట్టాను. మింగింది. దగ్గు రాలేదు. ఇంకొంచెం పెట్టాను. మా ఆయన గడప దగ్గర నిలబడి చూస్తున్నాడు. నా పిక్కలు పట్టేసినా తొక్కుతూనే ఉన్నాను. ఆ పూట గిన్నెలో సగం తిన్నది.

నెల చివర ఆసుపత్రికి తీసుకెళ్లాం. పెద్ద డాక్టరు ముందూ వెనకా స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. నేను ఆయన కనుబొమ్మల వంకే చూస్తున్నాను.

"ఛాతీ బాగానే ఉందమ్మా. బరువు తక్కువే గాని, ఛాతీ క్లియర్‌గా ఉంది. ఎట్లా తినిపిస్తున్నారు?"

కుర్చీలో అని చెప్పాను. గొట్టం ఇప్పుడే వద్దులే, ఇట్లాగే తినిపించి చూడమన్నాడు. బయటికి వచ్చాక మా ఆయన వరండాలో గోడ వారన గొంతుక్కూర్చుని, మోకాళ్ల మీద తల పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. అందరూ చూస్తున్నారు. నేను పాపను ఎత్తుకుని పక్కన నిలబడ్డాను. ఊరుకోమని అనలేదు.

ఆ తర్వాత పాపకు జబ్బు రాలేదని కాదు. చలికాలం వస్తే మళ్లీ వార్డు ఎక్కాల్సి వచ్చేది, కాకపోతే అన్నిసార్లు కాదు. అది పెరిగి ఆ కుర్చీలో పట్టకపోతే ఆయన ఇంకోటి చేశాడు. డాక్టరమ్మ చెప్పి పంపిన మరో ఇద్దరు ముగ్గురు పిల్లలకూ చేసి ఇచ్చాడు, తుడిచే పని నాదే. ఇప్పుడు పాపకు చక్రాల కుర్చీ వచ్చింది, ఇనుముది, మెత్తటి దిండ్లు ఉన్నది. నిజం చెప్పాలంటే మా చెక్క కుర్చీ కంటే అదే నయం. సాయంత్రం ఎండ తగ్గాక దాన్ని తోసుకుంటూ కూరగాయల బండి దాకా పోయి వస్తాను. దారిలో గుంతలు ఎక్కువ. కుదుపు తగిలినప్పుడల్లా పాప నవ్వుతుంది.